జుట్టు కోసం మాత్రలు మొదలుపెడుతున్నారా? సైడ్ ఎఫెక్ట్స్‌ని మొదటి రోజు నుంచే పట్టుకునే పద్ధతి

కిందటేడు వేసవిలో ఒక రాత్రి ఋషికొండ ఆఫీసు నుంచి ఇంటికొచ్చి సాక్సు విప్పాను. ఎలాస్టిక్ ఉన్న చోట కాలి చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. రోజూ పడే గీతలా లేదు. చేతి బొటనవేలితో మోకాలి కింద ఎముక మీద అయిదు సెకన్లు నొక్కి తీస్తే అక్కడ పడిన గుంట అలాగే ఉండిపోయింది, చాలాసేపటికి గానీ పూడలేదు. అప్పటికి జుట్టు కోసం మినాక్సిడిల్ మాత్ర మొదలుపెట్టి ఆరు వారాలు. డాక్టరు రాసింది 2.5 మి.గ్రా. అనుమానం వచ్చి స్ట్రిప్ తిప్పి చూస్తే దాని మీద 5 మి.గ్రా. అని ఉంది. రెండో నెల మందు తెచ్చుకున్నప్పుడు షాపులో మారిపోయింది, నేనూ చూసుకోలేదు. అలా రెండు వారాలు రెట్టింపు డోసు వేసుకున్నాను.

మర్నాడు మహారాణిపేటలో మా స్కిన్ డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "మందు మొదలుపెట్టే రోజు మీ బరువెంత? నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకునేది?" నా దగ్గర జవాబు లేదు. ఎంత బరువు పెరిగానో, గుండె ఎంత వేగం పెరిగిందో తేల్చడానికి పాత లెక్క ఏదీ లేదు. ఆ రోజు నుంచి ఒక నోట్ బుక్ పెట్టాను. ఇప్పుడు మా ఆఫీసులో ఎవరు జుట్టు మాత్రల గురించి అడిగినా ముందు ఆ పుస్తకం గురించే చెప్తాను. ఇక్కడా అదే చెప్తున్నాను, వరసగా, ఏది ఎప్పుడు చేయాలో.

1. ముందు మీకు ఈ మాత్ర అవసరమో కాదో తేల్చుకోండి

మన వైజాగ్‌లో జుట్టు ఊడితే అందరూ ముందు నీళ్లనే తిడతారు. బోరు నీళ్లు, సముద్రం గాలి, చెమట, హెల్మెట్. ఉప్పు నీళ్లకి జుట్టు గరుకవుతుంది, మధ్యలో తెగుతుంది, అంతేగానీ నుదురు రెండు వైపులా వెనక్కి జరగడం, నడినెత్తి పలచబడటం అనేవి నీళ్ల వల్ల రావు. అది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల, కింద చెప్పే మాత్రల్లో ఎక్కువ భాగం దానికోసమే. సింహాచలంలో తలనీలాలిస్తే ఒత్తుగా వస్తుందని మా అమ్మమ్మ నమ్మేది. మొక్కు తీర్చుకోండి, తప్పు లేదు, కానీ కత్తి చర్మం పైనే ఆగుతుంది, లోపలి కుదుళ్లు సన్నబడటాన్ని అది ఆపదు.

ఇంకో రకం ఉంది. డెంగీ, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరం, కాన్పు, ఆపరేషన్, లేదా అన్నం మానేసి బరువు తగ్గడం, వీటి తర్వాత రెండు మూడు నెలలకి తలంతా ఒకేసారి గుప్పెళ్లుగా ఊడుతుంది. దువ్వెన చూస్తే భయమేస్తుంది. కానీ ఇది చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది. దీనికి బట్టతల మాత్ర ఫినాస్టరైడ్ వేసుకుంటే లాభం ఉండదు, సైడ్ ఎఫెక్ట్ ముప్పు మాత్రం మిగులుతుంది. థైరాయిడ్, ఐరన్ తక్కువ కావడం కూడా చూడాలి. అందుకే స్నేహితుడి చీటీతో మందు కొనకుండా ఒక్కసారైనా చర్మవ్యాధుల డాక్టరుకి తల చూపించండి. ప్రైవేటు ఫీజు భారమైతే ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ ఉంది.

2. మొదటి మాత్ర మింగే ముందు ఒక పేజీ రాయండి

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క పనే చేస్తానంటే ఇది చేయండి.

వారం రోజులు, పొద్దున్న లేవగానే, కాఫీ తాగకముందు కుర్చీలో అయిదు నిమిషాలు కూర్చుని బీపీ, నాడి చూసి రాయండి. ఇంట్లో నాన్నగారి బీపీ మిషన్ ఉంటే చాలు. బరువు రాయండి. నుదురు, నడినెత్తి ఫొటోలు ఒకే లైటు కింద తీయండి. తర్వాత రాయడానికి మొహమాటపడే విషయాలు: సెక్స్ మీద కోరిక ఎలా ఉంది, అంగస్తంభనలో ఇప్పటికే ఇబ్బంది ఏమైనా ఉందా, పొద్దున్న లేచేసరికి గట్టిపడటం వారంలో ఎన్ని రోజులు. నిద్ర ఎలా ఉంది, మనసు ఎలా ఉంది. ఎవరికీ చూపించక్కర్లేదు, కానీ నిజం రాయండి. నైట్ షిఫ్ట్‌లో ఉండి, ఈఎంఐల టెన్షన్‌లో ఉండి, కోరిక ముందే తగ్గి ఉంటే, మూడు నెలల తర్వాత అది మందు మీదకి పోతుంది. దానికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది, నిజంగా మందు వల్ల వచ్చిన మార్పుని "పని ఒత్తిడిలే" అని కొట్టిపారేస్తాం. రెండూ నష్టమే.

ఇదే పేజీలో డాక్టరుకి తప్పక చెప్పాల్సినవి రాసుకోండి: బీపీ మందులు, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు, లివర్ జబ్బు, ఎప్పుడైనా డిప్రెషన్ లేదా చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిందా, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారా. డిప్రెషన్ సంగతి చాలామంది దాస్తారు, స్కిన్ డాక్టరుకి ఎందుకులే అనుకుంటారు. ఎందుకో కింద చెప్తాను.

3. ఫినాస్టరైడ్: ఏం చూడాలి

మగవాళ్లకి ఎక్కువగా రాసేది ఇదే, రోజుకి 1 మి.గ్రా. ఇదే మందు 5 మి.గ్రా. మాత్రగా ప్రోస్టేట్ వాపుకి 1992లో అమెరికాలో అనుమతి పొందింది, జుట్టుకి 1997లో. టెస్టోస్టెరోన్‌ని డీహెచ్‌టీగా మార్చే ఎంజైమ్‌ని ఇది అడ్డుకుంటుంది, రక్తంలో డీహెచ్‌టీ దాదాపు 70 శాతం పడిపోతుంది. కుదుళ్లని సన్నబరిచేది ఆ డీహెచ్‌టీయే. కానీ దాని పని తలకి మాత్రమే పరిమితం కాదు, సైడ్ ఎఫెక్ట్స్ వచ్చేది అక్కడే.

అందరూ భయపడేది లైంగిక సమస్యల గురించి. అనుమతికి ముందు జరిగిన పరీక్షల్లో మందు వేసుకున్న మగవాళ్లలో 3.8 శాతం మందికి ఏదో ఒక లైంగిక ఇబ్బంది కనిపించింది, డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లలో 2.1 శాతం మందికి. అంటే ముప్పు ఉంది, కానీ మన వాట్సాప్ గ్రూపుల్లో భయపెట్టేంత లేదు. భయం కూడా ఒక కారణమే. ఇటలీ డాక్టర్లు 2007లో ప్రచురించిన పరిశోధనలో ప్రోస్టేట్ రోగులకి 5 మి.గ్రా. ఫినాస్టరైడ్ ఇచ్చారు. లైంగిక ఇబ్బందులు రావచ్చని ముందే చెప్పినవాళ్లలో 43.6 శాతం మంది, చెప్పనివాళ్లలో 15.3 శాతం మంది ఆ ఇబ్బందులు ఉన్నాయన్నారు. మందు ఒక్కటే, డోసూ ఒక్కటే.

దీన్ని పట్టుకుని "అంతా నీ ఊహే" అని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. చాలామందికి మందు ఆపాక ఇబ్బంది తగ్గిపోతుంది, కానీ కొందరికి ఆపిన తర్వాత కూడా కొనసాగినట్టు రిపోర్టులు రావడంతో 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ సంగతిని లేబుల్‌లో చేర్పించింది. తక్కువమందికే కావచ్చు. ఆ తక్కువమందిలో మీరుంటే మాత్రం మీకది పూర్తిగా నిజం.

ఇంక మనసు సంగతి. 2025 మే నెలలో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ తన సమీక్షలో ఫినాస్టరైడ్ 1 మి.గ్రా., 5 మి.గ్రా. మాత్రలకి ఆత్మహత్య ఆలోచనలు ఒక సైడ్ ఎఫెక్ట్ అని ధ్రువీకరించింది, ఎంత తరచుగా వస్తాయో లెక్క తేలలేదని కూడా అంది. అందుకే పాత డిప్రెషన్ ఉంటే దాచొద్దని చెప్పాను. ఇంట్లో ఒక్కరికి, భార్యకో అన్నయ్యకో, "నేను ఈ మాత్ర మొదలుపెట్టాను, నాలో తేడా కనిపిస్తే చెప్పు" అని ముందే చెప్పి పెట్టండి. మనసు కుంగినప్పుడు అది మనకి తెలియదు, పక్కవాళ్లకి తెలుస్తుంది. దిగులు అలాగే ఉండిపోతే మాత్ర ఆపి డాక్టరుకి ఫోన్ చేయండి, చచ్చిపోవాలనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

మిగతావి త్వరగా చెప్తాను. రొమ్ములో గడ్డ, నొప్పి, చనుమొన నుంచి ద్రవం వస్తే చూపించుకోండి. కొందరిలో వీర్యం నాణ్యత తగ్గుతుంది, ఆపాక మెరుగుపడినట్టు చూశారు, కాబట్టి పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే డాక్టరుకి చెప్పండి. నలభై అయిదు, యాభై దాటినవాళ్లు ప్రోస్టేట్ కోసం పీఎస్‌ఏ పరీక్ష చేయించుకుంటే, ఈ మందు ఆ అంకెని దాదాపు సగానికి తగ్గించి చూపిస్తుంది. చెప్పకపోతే డాక్టరు "నార్మల్" అనుకుంటారు. ఆఫీసులో రక్తదానం క్యాంపు పెడితే కూడా గుర్తుంచుకోండి, ఆఖరి మాత్ర వేసుకున్నాక నెల రోజులు ఆగాలి, ఎందుకంటే ఆ రక్తం గర్భిణికి ఎక్కించవచ్చు.

4. మినాక్సిడిల్ మాత్ర: నా కాళ్లు నేర్పిన పాఠం

ఇది మొదట బీపీ మందు. ఎన్ని మందులు వాడినా తగ్గని బీపీకి 1979లో అమెరికాలో అనుమతించారు, వాడినవాళ్లకి ఒళ్లంతా వెంట్రుకలు రావడం చూసి తలకి రాసే మందుగా మార్చారు. జుట్టు కోసం తక్కువ డోసులో మాత్రగా ఇవ్వడం డాక్టరు తన విచక్షణతో చేసేది, లేబుల్ మీద ఉండే వాడకం కాదు.

రక్తనాళాలని వదులు చేస్తుంది. అప్పుడు బీపీ పడకుండా ఉండటానికి గుండె వేగం పెంచుతుంది, కిడ్నీలు ఉప్పునీ నీళ్లనీ పట్టి ఉంచుతాయి. కాళ్ల వాపు, కళ్ల కింద ఉబ్బు, గుండె దడ, గభాల్న లేస్తే కళ్లు తిరగడం, అన్నీ ఈ ఒక్క కారణం నుంచే. తక్కువ డోసు వాడిన 1,404 మంది మీద 2021లో వచ్చిన పరిశోధనలో ఎక్కువగా కనిపించింది ముఖం మీదా ఒంటి మీదా వెంట్రుకలు పెరగడం, 15.1 శాతం మందికి. కళ్లు తిరగడం 1.7 శాతం, ఒంట్లో నీరు చేరడం 1.3, గుండె వేగం పెరగడం 0.9. చిన్న అంకెలే, నాకు మాత్రం డోసు రెట్టింపయ్యాక వాపు వచ్చింది.

రోజూ చేయాల్సిన పని ఇంతే. పొద్దున్న నాడి చూడండి, మీ పాత లెక్క కంటే నిమిషానికి 20 ఎక్కువుంటే డాక్టరుకి చెప్పాలి. వారానికి రెండుసార్లు బరువు, కొద్ది రోజుల్లోనే రెండు కిలోలకి పైగా పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. రాత్రి సాక్సు విప్పగానే ఎముక మీద నొక్కి చూడండి.

తిండి దగ్గర మనకి ఒక చిక్కుంది. ఆవకాయ, మాగాయ, అప్పడం, ఎండు చేపల పులుసు, ఎండు రొయ్యల వేపుడు, ఇన్ని ఉప్పు పదార్థాలు మన కంచంలోనే ఉన్నాయి. ఉప్పు ఎక్కువైతే నీరు ఇంకా చేరుతుంది. నేను ఆవకాయ మానలేదు, మూడు పూటలూ వేసుకునేవాణ్ని, ఒక పూటకి తగ్గించాను. ఒంటి నొప్పులకి షాపులో అడిగి వేసుకునే పెయిన్ కిల్లర్స్‌లో చాలావరకు నీరు పట్టించే రకమే, డాక్టరుని అడక్కుండా వేసుకోకండి. మద్యం, బీపీ మాత్రలు, అంగస్తంభన కోసం వేసుకునే సిల్డెనాఫిల్ లాంటివి దీనితో కలిస్తే బీపీ ఇంకా పడుతుంది. మే నెల ఎండలో, చెమటకి ఒళ్లు ఎండిపోయి ఉన్నప్పుడు కళ్లు తిరిగి పడిపోవడానికి అది చాలు.

మొదటి నెలన్నర రెండు నెలల్లో జుట్టు ముందుకంటే ఎక్కువ ఊడొచ్చు. పాత వెంట్రుకలు పోయి కొత్త చక్రం మొదలవుతుంది, దానికి బెంబేలెత్తి ఆపేయకండి. కానీ ఛాతీలో నొప్పి, పడుకుంటే ఆయాసం, స్పృహ తప్పడం, ముఖమంతా వాపు వస్తే తెల్లారే దాకా చూడొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గరున్న ఎమర్జెన్సీకి వెళ్లి "మినాక్సిడిల్ మాత్ర వేసుకుంటున్నాను" అని ముందే చెప్పండి. ఈ మందుతో గుండె చుట్టూ నీరు చేరడం చాలా అరుదు, కానీ అది లేబుల్ మీద పెద్ద హెచ్చరికగా ఉంది.

5. డ్యుటాస్టరైడ్ అంటే ఒకటికి రెండుసార్లు అడగండి

ఇది ఫినాస్టరైడ్‌కి అన్నలాంటిది, డీహెచ్‌టీని 90 శాతానికి పైగా తగ్గిస్తుంది. జుట్టు కోసం దక్షిణ కొరియా 2009లో, జపాన్ 2015లో అనుమతించాయి, అమెరికాలో ప్రోస్టేట్‌కి మాత్రమే. సైడ్ ఎఫెక్ట్స్ అవే రకం, తేడా అల్లా అది ఒంట్లో ఉండే కాలం. ఫినాస్టరైడ్ రక్తంలో కొన్ని గంటల్లో సగానికి తగ్గుతుంది, దీనికి అయిదు వారాలు పడుతుంది. అంటే ఇబ్బంది వచ్చి ఆపినా మందు నెలల తరబడి ఉంటుంది. రక్తదానానికి ఆరు నెలలు ఆగాలి. మొదటి మందుగా దీన్నే రాస్తే "ముందు ఫినాస్టరైడ్ ఎందుకు వద్దు?" అని అడగండి, మంచి డాక్టరు విసుక్కోరు.

6. ఆడవాళ్లకి

స్పైరనోలాక్టోన్ ఎక్కువగా రాస్తారు. పీరియడ్స్ అటూ ఇటూ అవుతాయి, మూత్రానికి ఎక్కువగా వెళ్తారు, రొమ్ములు నొప్పిగా ఉండొచ్చు. గర్భం వచ్చే అవకాశం ఉంటే ఈ మందు పనికిరాదు, మందు వాడినన్నాళ్లూ గర్భనిరోధం ఉండాలి. ఇది ఒంట్లో పొటాషియం పెంచుతుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది. బీచ్ రోడ్డులో నడక అయ్యాక రోజూ ఒక బోండాం తాగే అలవాటుంటే ఆ మాట డాక్టరుకి చెప్పండి, ముఖ్యంగా కిడ్నీ సమస్య ఉన్నా, బీపీకి రామిప్రిల్, టెల్మిసార్టన్ లాంటివి వాడుతున్నా. అలాంటివాళ్లకి పొటాషియం రక్తపరీక్ష తప్పనిసరి. మా అక్కకి ఈ బోండాం ప్రశ్న డాక్టరు అడగలేదు, అక్కే అడిగి తెలుసుకుంది.

మినాక్సిడిల్ మాత్ర ఆడవాళ్లకి చాలా తక్కువ డోసులో ఇస్తారు, అయినా చెంపల మీదా నుదుటి మీదా వెంట్రుకలు రావొచ్చు. ఆపితే కొన్ని నెలల్లో పోతాయి. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా వద్దు.

7. "విటమినే కదా" అనుకునే బయోటిన్

గమ్మీలు, మాత్రలు, అన్నిట్లో ఇదే. బయోటిన్ లోపం లేనివాళ్లకి దీనివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు. హాని మాత్రం ల్యాబ్‌లో బయటపడుతుంది. ఎక్కువ బయోటిన్ రక్తంలో ఉంటే థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావొచ్చు, గుండెపోటుని గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. 2017లో ఎఫ్‌డీఏ దీని మీదే హెచ్చరించింది. జుట్టు ఊడుతోందని థైరాయిడ్ పరీక్షకి వెళ్తాం, ఆ జుట్టుకే బయోటిన్ వేసుకుని ఉంటాం, రిపోర్టు తారుమారవుతుంది, లేని జబ్బుకి మందు మొదలవుతుంది. ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరుని అడిగి ఆపండి, ల్యాబ్‌లో కూడా చెప్పండి.

8. ఇంట్లో మిగతావాళ్ల జాగ్రత్త

డబ్బు కలిసొస్తుందని 5 మి.గ్రా. ఫినాస్టరైడ్ కొని నాలుగు ముక్కలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మొదట్లో నేనూ చేశాను, చపాతీ పీట మీద, బ్లేడుతో. ముక్కలు సమానంగా రావు, పొడి పీటకి అంటుకుంటుంది. అప్పుడు మా వదిన ఆరో నెల. అదే పీట మీద చపాతీలు చేసేది. పగిలిన ఫినాస్టరైడ్‌ని గర్భిణులు ముట్టుకోకూడదు, కడుపులో మగబిడ్డ ఉంటే జననాంగాలు సరిగ్గా ఏర్పడకపోవచ్చు. పైపూత చెక్కుచెదరని పూర్తి మాత్రతో ఆ భయం లేదు, విరిచిన దానితోనే. ఈ సంగతి తెలిసిన రోజు పీట పారేసి, 1 మి.గ్రా. మాత్రలే కొనడం మొదలుపెట్టాను. బాబు ఆరోగ్యంగా పుట్టాడు, కానీ ఆ మూడు నెలలు నేను సరిగ్గా నిద్రపోలేదు. డ్యుటాస్టరైడ్ కారిన క్యాప్సూల్‌కీ ఇదే జాగ్రత్త, అది చర్మం గుండా కూడా లోపలికి వెళ్తుంది.

9. తేడా కనిపిస్తే వరస ఇది

ముందు తారీఖు వేసి రాయండి: ఏమొచ్చింది, ఎన్ని రోజుల నుంచి, ఆ వారం కొత్తగా ఇంకేం వేసుకున్నారు. స్ట్రిప్ తీసి పేరు, డోసు చదవండి, చీటీతో పోల్చండి. తర్వాత డాక్టరుకి ఫోన్. పైన చెప్పిన అత్యవసరాలు, పెదాలు నాలుక వాచే అలర్జీ, మనసు కుంగడం, ఇవి కాకుండా మిగతావాటికి డోసు తగ్గించాలా, కొన్నాళ్లు ఆపి చూడాలా అన్నది వాళ్లు చెప్పాలి. ఒక వారం ఆపి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆపి, ఇలా చేస్తే ఏది దేనివల్లో ఎప్పటికీ తేలదు.

అదే కారణంగా రెండు మాత్రలు ఒకే రోజు మొదలుపెట్టొద్దు. మధ్యలో రెండు నెలలైనా గ్యాప్ అడగండి.

ఫినాస్టరైడ్ ఆపాక దాదాపు రెండు వారాల్లో డీహెచ్‌టీ పాత స్థాయికి వస్తుంది, నిలబెట్టిన జుట్టు ఏడాదిలోపు పోతుంది. మినాక్సిడిల్ ఆపితే మూడు నాలుగు నెలల్లో. ఇది తెలిసి కూడా నేను మినాక్సిడిల్ మాత్ర ఆపేశాను, వాపు అయిదో రోజుకి దిగింది, ఇప్పుడు తలకి రాసుకునేదే వాడుతున్నాను, ఫినాస్టరైడ్ కొనసాగుతోంది. కొంచెం జుట్టు పోయింది. పోనివ్వండి.

ఆఖరి పని చాలామంది చేయరు. మీకొచ్చిన సైడ్ ఎఫెక్ట్‌ని రిపోర్ట్ చేయండి. మందుల దుష్ప్రభావాల లెక్క చూసే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రామ్ ఆఫ్ ఇండియా టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024, రోగులే నేరుగా చెప్పొచ్చు. మందు పేరు, కంపెనీ, బ్యాచ్ నంబర్, ఎప్పుడు మొదలుపెట్టారు, ఎప్పుడు ఏమొచ్చింది, ఆపాక తగ్గిందా లేదా, ఇవి చేతిలో పెట్టుకుని ఫోన్ చేయండి. బ్యాచ్ నంబర్ స్ట్రిప్ చివర ఉంటుంది, కాబట్టి మాత్రలు ఆ చివర నుంచి చింపకండి, ఖాళీ స్ట్రిప్‌ని నోట్ బుక్‌లోనే పిన్ చేసి ఉంచండి.